చేతులు వెనక్కి కట్టుకునే గురువులు

వంకర తిరిగిన సైకిల్ చక్రానికి బెండు తీయడం మంచి మెకానిక్‌కి పది నిమిషాల పని. అదే పని ఎప్పుడూ స్పానర్ పట్టని పదిహేనేళ్ల పిల్లతో చేయించాలంటే గంట పడుతుంది. ఆ గంటసేపూ చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడగలిగిన వాలంటీర్‌ని చూస్తే నాకు కచేరీలో విద్వాంసుణ్ణి చూసినంత గౌరవం కలుగుతుంది.

అలాంటి వాలంటీర్లు నడిపే, ఎవరి సైకిల్ వాళ్లే బాగుచేసుకోవడం నేర్పే సామాజిక సైకిల్ వర్క్‌షాపుల చరిత్ర పొడుగ్గా చెప్పను. 1984లో అమెరికాలో మొదలైన ‘బైక్స్ నాట్ బాంబ్స్’ నికరాగువాకు పాత సైకిళ్లు పంపింది. తర్వాత, రిపేరు నేర్చుకున్న పిల్లలకు ఆ సైకిలే ఇచ్చేసే పద్ధతి పెట్టింది. 2002 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్ ఎకో విలేజ్‌లో, ఓ వంటగదిలో ‘బైసికిల్ కిచెన్’ పుట్టింది. నా అభిమానం ఈ రెండోదాని మీదే, దాచను.

ఇలాంటి చోట సాయంత్రం సాఫీగా సాగిందంటే దాని వెనక మంచి పని పంపకం ఉన్నట్టే. గుమ్మం దగ్గర ఒకరుండాలి. వచ్చినవాళ్లను పలకరించి, సైకిల్‌కి ఏమైందో అడిగి, ఏ స్టాండు ఖాళీ అయితే అక్కడికి పంపాలి. ఆ ఒక్కరూ లేకపోతే లోపలున్న మెకానిక్ పదిమందికి జవాబు చెబుతూ ఏ పనీ పూర్తిచేయలేడు. కొత్త వాలంటీర్‌ని మొదటిరోజే గేర్ల మీదికి తోయకూడదు. పాత ట్యూబుల్లో పనికొచ్చేవి ఏరడం, పంక్చర్లు వేయడం అప్పగించి పక్కన ఓ పాతవాణ్ణి ఉంచాలి. పనిముట్ల బోర్డు మీద ప్రతి స్పానర్‌కీ దాని ఆకారం గీసి ఉంటే, తాళం వేసేముందు ఏది తగ్గిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఇక చక్రం! రిమ్ము ఎడమకు కొడుతుంటే అక్కడి కుడివైపు చువ్వల నిపిల్స్ పావు తిప్పు బిగించాలి, ఎడమవి పావు తిప్పు వదలాలి. అంతకుమించి ఒక్కసారే తిప్పకూడదు. చేయి తిరిగినవాళ్లు చువ్వను మీటి, పలికే ధ్వనిని బట్టే బిగువు చెప్పేస్తారు. చివర్లో జంట చువ్వలను గుప్పిట్లో గట్టిగా నొక్కాలన్న సూత్రాన్ని జోబ్స్ట్ బ్రాండ్ట్ తన ‘ది బైసికిల్ వీల్’ (1981)లో ఇంజనీరు కళ్లతో వివరించాడు. బరువు పడినప్పుడు కింది చువ్వల బిగువు తగ్గుతుందని లెక్కగట్టి చూపిన మహానుభావుడాయన. సైకిల్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ అయితే 2008లో పోయేదాకా తనకు తెలిసిందంతా రాసి ఉచితంగా పంచాడు. ఈ ఇద్దరికీ సాటి నాకు ఇంకెవరూ కనబడరు.

మరి ఇంత విద్యను ఏం చేస్తున్నాం? పెద్ద పెద్ద స్టోర్లు అట్టపెట్టెల్లో సైకిల్ ఆకారాలు అమ్ముతున్నాయి. రేకు వంచి చేసిన బ్రేకులు, ఎంత బిగించినా ఊగే హబ్బులు! బాగుచేద్దామంటే స్పానర్ పెట్టడానికి చోటుండదు. కనీసం 500 గంటలైనా నడిచే సైకిళ్లు తయారుచేయండని అమెరికా మెకానిక్‌లు కంపెనీలను బతిమాలుకోవాల్సి వచ్చింది. అంతకన్నా నాకు మండేది ఫొటోల కోసం జరిగే సేవాదినం. ఒకే రంగు టీషర్టులు వేసుకుని మధ్యాహ్నంలోగా యాభై సైకిళ్లు బిగించేసి వెళ్లిపోతారు. మర్నాడు అసలు వాలంటీర్లు ప్రతి బోల్టూ విప్పి చూసుకోవాలి. ముందు ఫోర్కు వెనక్కి తిరిగిన సైకిల్‌ని పిల్లాడి చేతికిస్తే అది దానమా?

మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో గేర్ సైకిళ్లు గాలిపోయి తుప్పు పడుతున్నాయి. అద్దె సైకిళ్ల షాపులు మూతబడ్డా, చేయి తిరిగిన పెద్దాయన ఒకరు మీ చుట్టుపక్కల ఇంకా ఉండే ఉంటారు. అసోసియేషన్ పెద్దలారా, నెలకో ఆదివారం ఆయన్ని పిలవండి. ఊరికే రమ్మనకండి, ఆ పని ఆయనకు బతుకుతెరువు. కూలి ఇచ్చి కుర్చీ వేయండి. వాలంటీర్లుగా ఉండాల్సింది మీరు, మీ పిల్లలు. మొదటి నెల పంక్చర్లు, రెండో నెల బ్రేకులు, చెయిన్లు. చక్రం జోలికి మూడో నెలలో వెళ్లండి, అదీ ఆయన సరేనంటేనే.