‘ఆసు పోయు’: ఒక వృత్తిక్రియ యర్థవిచారము

వృత్తిపదములనఁగా సాధనముల పేర్లే యని తలఁచుట మనలోఁ బరిపాటి యైనది. మగ్గము, అచ్చు, నాడె, కండె యని సాలెయింటి వస్తువుల నన్నిటిని లెక్క వ్రాసి, క్రియల కడకు వచ్చునప్పటికి ‘నేయు’ అను నొక్కదానితోఁ దృప్తి పడుదుము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశములలో వ్యవసాయసంపుటము 1962లోను, చేనేతసంపుటము 1971లోను వెలువడిన పిదపఁ బనివాని నోటిమాటకుఁ బ్రామాణ్య మేర్పడినది. అయినను, ఒకానొక పనికి ఒకానొక క్రియయే యేల చెల్లెనను విచారము జరుగవలసియే యున్నది. నల్లగొండసీమ నేతపనివారి ‘ఆసు పోయు’ అందుకుఁ దగిన యుదాహరణము.

పోచంపల్లి, పుట్టపాక మొదలగు గ్రామముల వస్త్రమును లోకము ఇక్కతు అనును. అచటివారు చిట్కి యనియు నందురు. ఇందుఁ జిత్రము మగ్గముపైఁ బుట్టదు. నూలునకుఁ గట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పిన పిదపనే నేత. పేకనూలును గట్లకుఁ దగినట్లు పఱచు సాధనమే ఆసు. ఒక కొన నొంటిమేకు; దాని కెదురుగా సుమారు 1 మీటరు దూరమున అర్ధచంద్రాకారముగా మేకుల వరుస. ఒంటిమేకునుండి వరుసలోని మేకునకు, అచటనుండి మరల ఒంటిమేకునకు, నూలును జేతితో నడపుటయే ఆసు పోయుట. వ్యవహారమున దీనిని ‘ఆసు పోసుడు’ అందురు.

‘పోయు’ అను క్రియకు నీళ్లు పోయుటయే ముఖ్యార్థమనియు, నూలు నీటివలెఁ బాఱును గాన నిచట నది రూపకమనియుఁ జెప్పుట సులభము. ఈ వివరణము వినుటకు ఇంపుగా నున్నను నిలువదు. వాడుకను జూతము. రైతు నారు పోయును. కంచరి కరఁగిన లోహమును మూసలోఁ బోయును. ఇల్లాలు అట్లు పోయును. ఇల్లు కట్టఁబోవువాఁడు పునాదికి ముగ్గు పోయించును. కళ్లములో ధాన్యము రాశి పోయుదురు. లోహమును, అట్లపిండియుఁ దప్పఁ దక్కినవి ద్రవములు కావు. వీని యన్నిటియందును సమానమైన దేది? వస్తువు తెగక ధారగా వచ్చుట యొకటి. ముందుగా సిద్ధపఱచిన తావునఁ గుదురుకొనుట రెండవది. నారునకు మడి, లోహమునకు మూస, అట్టునకుఁ బెనము, ధాన్యమునకుఁ గళ్లము. ‘నారు పోసినవాఁడు నీరు పోయఁడా’ అను సామెతలో రెండు పోయుటలును సహజముగా జతపడుటకు నిదియే కారణము.

వాకిట ముగ్గు ‘వేయుదురు’. పునాదికి ముగ్గు ‘పోయుదురు’. మొదటిదానిలోఁ జుక్కచుక్కకు నిలిచి చేయి చిత్రమును గల్పించును. రెండవదానిలో నిర్ణయింపఁబడిన గీత వెంట సున్నము తెగక సాగును. ఈ భేదము తెలిసినవానికి ఆసుమాట తెలియుట కష్టము కాదు.

ఆసుపై నూలు తెగరాదు. మేకుల వరుసయుఁ దప్పరాదు. కండెకు నూలు ‘చుట్టుదురు’. అచటఁ బరిమాణమే ప్రధానము, ఏ పోగు దేనిపైఁ బడినను దోషము లేదు. ఆసుపైనన్ననో పోగుయొక్క స్థానమే చిత్రమునకు మూలము. వరుస తప్పెనా కట్టు తప్పును, రంగు తప్పును, చీరలోని పువ్వు చెదరును. కావుననే, నూలు మేకుల చుట్టుఁ దిరుగుచున్నను, ఈ పనిని ‘చుట్టుట’ యనరు.

పూర్వపు మహబూబునగరుజిల్లాలోని గద్వాలలో నిట్లు గాదు. అచటి చీరకు నడిమి భాగము నూలు, అంచులు పట్టు. మూఁడు నాడెలతో నేయుచు, ఆ రెండింటిని మగ్గముపైననే పేకలఁ బెనవేసి కలుపుదురు. కౌశలమంతయు నేతలోనే యున్నది గాన ‘నేయు’ అనిన నచటఁ జాలవఱకుఁ జెప్పినట్లే. పోచంపల్లి చీర విషయమున ఆ క్రియ తుదిపనిని మాత్రమే చెప్పును. ఈ రెండు సీమల పనికి నిఘంటువులోని యొక్క క్రియ చాలదు.

ఇఁక ‘ఆసులో కండెవలెఁ దిరుగు’ అను పలుకుబడి. నిలుకడ లేక అటునిటు తిరుగువానిని గూర్చి దీనిని వాడుదుము. లోకము తిరుగుటను గ్రహించెను గాని త్రిప్పిన చేతిని గ్రహింపలేదు. ఒక చీరకు ఆసు పోయవలెనన్నచోఁ జేయి సుమారు 9,000 మాఱులు అటునిటు సాగవలెను. నాలుగైదు గంటల పని. చేయువారు మిక్కిలిగా స్త్రీలు. మగ్గమునఁ గూర్చుండువానికి నేతగాఁడను పేరు దక్కినది. ఆసు పోయునామె క్రియచేతనే తెలియును గాని పేరుచేతఁ గాదు.

2016 వఱకు నల్లగొండజిల్లాలో నుండి, ఇప్పుడు యాదాద్రి భువనగిరిజిల్లాలోఁ జేరిన శారాజీపేట నివాసి చింతకింది మల్లేశముగారు, తల్లి భుజముల నొప్పిని జూడఁజాలక 1992లోఁ బూనుకొని, 1999లో ఈ పనికి యంత్రమును సాధించిరి. అది యామె పేర లక్ష్మీ ఆసు యంత్రమయ్యెను. వారికి 2017లోఁ బద్మశ్రీ లభించినది. యంత్రము వచ్చినచోట గంటల శ్రమ సుమారు గంటన్నరకుఁ దగ్గినది. క్రియ మాత్రము మాఱలేదు; యంత్రమును ‘ఆసు పోయుచున్నది’. చేయి తొలఁగినను మాట నిలుచుటను బట్టి, దాని యర్థము చేతి విసరులో లేదనియు, నూలు తెగక తన తావునఁ గుదురుటలో నున్నదనియు దృఢపడుచున్నది.

అర్థమునకుఁ జేయి యక్కఱలేదు; చరిత్రమునకు నక్కఱ గలదు. చేయి చేసిన పనిని మాట తనంతఁ దాను జ్ఞాపకముంచుకొనదు గాన, నిఘంటుకారుఁడే దానిని వ్రాసి యుంచవలెను. కావున నీ పదమున కిట్లు అర్థము వ్రాయఁదగును: ‘ఆసు పోయు — ఇక్కతు పనిలోఁ గట్లు కట్టుటకై పేకనూలును తెగకుండ, వరుస తప్పకుండ ఆసుమేకులపైఁ బఱచు, చేతితోఁ జేయునపుడు ఒక చీరకు సుమారు 9,000 మాఱులు చేయి చాఁచవలసిన, ప్రాయికముగా స్త్రీలు చేయు పని.’