హైబ్రిస్ అంగడిలో అధికారము, వార్త

ఇంటర్నెట్టులో వెలసిన పెద్ద అంగడి కొనువారి కంటికి ఒకే వాకిలిగా కనబడినను, దాని వెనుక ఏకకాలమున పనిచేయు సర్వర్లు పెక్కు కలవు. ధరలు మార్చువారును, సరకులను వర్ణించువారును, ఆర్డర్లు చక్కబెట్టువారును పలువురు కలరు. ఇన్ని యంత్రములలో, ఇందరి చేతులలో అంగడి మాట ఒక్కటిగా నిలువవలెనన్న, మార్చుటకు అర్హుడెవడో, మారిన సంగతి తక్కిన యంత్రములకు తెలియుటెట్లో ముందుగనే నిర్ణయింపవలెను. మొదటిది రోల్స్, అనగా పదవుల పని; రెండవది క్లస్టరు, అనగా కలిసి పనిచేయు సర్వర్ల గుంపు పని. వీనిని వేర్వేరు విద్యలుగా నెంచుట పరిపాటియైనను, రెండును ఒకే ధర్మమునకు అంగములు.

1997లో స్విట్జర్లాండులోని జూగ్ పట్టణమున పుట్టి, 2013లో ఎస్‌ఏపీ సంస్థలో చేరిన హైబ్రిస్ అను అంగడి సాఫ్ట్‌వేరు దీనికి తగిన ఉదాహరణము. అందు క్లస్టరులోని ప్రతి సర్వరునకు, అనగా నోడునకును, క్లస్టర్‌మోడ్ అను అమరికను ‘ట్రూ’ అని నిలిపి, ఏ రెండు నోడ్లకును ఒకే ఐడీ పడకుండ సంఖ్య లిత్తురు. డేటాబేసు అన్నిటికిని ఒక్కటే. అయినను మాటిమాటికి దానిని అడిగిన వేగము కుంటువడును గనుక, ఒకే లెక్కపుస్తకము నుండి నలుగురు గుమాస్తాలు ఎవరికి వారు నకలు వ్రాసికొన్నట్లు, ప్రతి నోడును తాను చదివినదానిని క్యాషెలో దాచుకొనును. ధర మారిన క్షణమున, మార్చిన నోడు తక్కినవానికి పాత నకలు చెల్లదని యూడీపీ మల్టీకాస్టు ద్వారాగాని, జేగ్రూప్స్ ద్వారాగాని వార్త పంపును. క్రొత్త ధరను అవి డేటాబేసు నుండి మరల చదువుకొనును. నెట్‌వర్కు ఈ వార్త నడ్డగించినచో, 1000 రూపాయల సరకును 800కు తగ్గించిన పిదపగూడ వేరొక నోడునకు చేరినవానికి 1000యే కనబడవచ్చును. లోడ్ బ్యాలెన్సరు అతని సెషనును ఆ నోడునకే కట్టియుంచుటచే, పేజీని ఎన్నిమార్లు తెరచినను పాత ధరయే ఎదురగును.

ఇక అధికారము మాట. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అను విద్వాంసులు పనికి చాలినంత అధికారమే ఈయవలెనని సూత్రీకరించిరి. 1992లో డేవిడ్ ఫెరైయోలో, రిచర్డ్ కూన్‌లు ఆ అధికారమును వ్యక్తికిగాక అతడు వహించు పదవికి కట్టు పద్ధతిని శాస్త్రబద్ధము గావించిరి. హైబ్రిస్‌లో ఈ పదవులు యూజర్ గ్రూపుల రూపమున నుండును. చదువుట, మార్చుట, సృజించుట, తొలగించుట అను హక్కులను విడివిడిగా వ్రాయుదురు. ఈ హక్కులను వ్రాయు ఇంపెక్స్ అను ఫైలులో ప్లస్ గుర్తు హక్కు కలదనియు, మైనస్ లేదనియు, చుక్క పైగ్రూపు నుండి సంక్రమించుననియు తెలుపును. కేటలాగునకు స్టేజ్డ్, ఆన్‌లైన్ అను రెండు ప్రతు లుండుటచే, వర్ణనలు వ్రాయు ఉద్యోగికి స్టేజ్డ్ ప్రతిని మార్చు హక్కు మాత్రమిచ్చి, ఆన్‌లైన్‌తో సింక్ చేయు అధికారమును పై ఉద్యోగికి ఉంచవచ్చును. అప్పుడు ఒక సున్న తక్కువపడిన ధర జనుల కంటబడకముందే మఱొకరి పరీక్షకు లోనగును. పని తొందరలో అందరిని అడ్మిన్ గ్రూపున చేర్చు అలవాటు ఈ కట్టడి నంతను వ్యర్థము చేయును.

క్లస్టరు ఎంత చక్కగా నడచిన, తప్పుడు మార్పునుగూడ అంత చక్కగా చేరవేయును. కావున అది బాగుపడినకొలది రోల్స్ అక్కఱ హెచ్చును. మఱియు గ్రూపులును, హక్కులును డేటాబేసులోనివై, ధరలవలెనే క్యాషెలో దాగునవి కాబట్టి, ఉద్యోగము మానినవాని హక్కును తొలగించిన వార్త అందని నోడున ఆ హక్కు బ్రతికియే యుండగలదు. అంగడి తెరచుటకు పూర్వము ఇరువిద్యలవారును కలిసి కూర్చుండి, ఒక ధరను, ఒక హక్కును మార్చి, ఆ మార్పు కడపటి నోడు వఱకు చేరినదో లేదో చూచుకొనవలెను. చెప్పిన ధరకే సరకిచ్చుట వర్తకధర్మములలో మొదటిది. నేడది ఈ కట్టడిపైననే నిలిచియున్నది.