పాత కంప్యూటర్ల పునరుద్ధరణ - ఒక విమర్శ

అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాలు చూచినవారికి, కంప్యూటరు విద్య నేర్పే సంస్థల పలకలు లేని గోడ ఉంటుందా అనే సందేహం కలుగుతుంది. రెండువేల సంవత్సరపు తేదీల సమస్య ప్రపంచాన్ని కలవరపెట్టిన రోజులలో కోబాల్ భాషను ఇక్కడి గదులలో నేర్చుకొని విదేశాలకు వెళ్ళిన యువకులు ఎందరో! అమీర్‌పేటకు పంజగుట్ట మెట్రో రైలులో ఒక్క స్టేషను దూరం. ఈ కొద్ది పరిధిలో కంప్యూటరుకు ఆదేశాలు వ్రాయడం నేర్పే చోట్లు లెక్కకు మించి ఉన్నవి. నలభై ఏండ్ల నాటి కంప్యూటరు మూత తీసి, ఇదిగో ఈ తీగల మీదుగా ఆ ఆదేశం ఇట్లా నడిచేది అని విద్యార్థికి చూపే చోటు మాత్రం ఒక్కటైనా నాకు కనిపించలేదు.

ఈ లోటును తమకు చేతనైనంత మేరకు తీర్చుతున్నవారు, అభిరుచి కొద్దీ పాత యంత్రాలను సేకరించి బాగుచేసుకొనే వ్యక్తులు. జీతం లేదు, బిరుదు లేదు. ఇంట్లో ఒక బల్ల, ఒక సాల్డరింగ్ కడ్డీ, ఒక మల్టీమీటరు, అన్నింటికీ మించి ఓపిక. వారి శ్రమ మెచ్చదగినదే. అయితే మెచ్చుకొని ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం. పునరుద్ధరణ అనే ఒక్క మాట క్రింద ఇప్పుడు రకరకాల పనులు జరుగుతున్నవి. వాటిలో కొన్ని యంత్రాన్ని కాపాడుతున్నవి, కొన్ని చక్కగా తుడిచి చెరిపివేస్తున్నవి.

ముందుగా, వాడకుండా బీరువాలో ఉంచిన కంప్యూటరు ఎందుకు చెడిపోతుందో చూద్దాము. మన రేడియో మెకానిక్కులు కండెన్సరు అని పిలిచే కెపాసిటరు దగ్గరనుంచి ఆరంభించవచ్చు. 1981లో ఇంగ్లండులో వెలువడిన బి.బి.సి. మైక్రో అనే కంప్యూటరులో, ఇంటి కరెంటు వచ్చే రెండు తీగల మధ్య రేడియో రొదను అణచడానికి ఒక కెపాసిటరును అమర్చారు. లోహపు పూత పూసిన కాగితాన్ని చుట్టి, చుట్టూ గట్టి రెజిన్ పోసి దానిని తయారుచేశారు. ఏండ్లు గడిచేకొద్దీ రెజిన్ మీద వెంట్రుక వంటి పగుళ్ళు వస్తాయి. వాటిగుండా గాలిలోని తేమ కాగితానికి చేరుతుంది. ముప్పై ఏండ్ల తరువాత ఎవరో ఉత్సాహవంతుడు మీట నొక్కుతాడు. తడిసిన కాగితంగుండా విద్యుత్తు ప్రవహించి, అది వేడెక్కి, చిన్న పేలుడుతో గదినిండా ఘాటైన పొగ కమ్ముకుంటుంది. మన వానాకాలాన్ని చూచిన యంత్రానికి ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

286, 386 తరగతి కంప్యూటర్లలో గడియారాన్ని నడిపే నికెల్-కాడ్మియం బ్యాటరీది మరొక తీరు. అందులోని పొటాషియం హైడ్రాక్సైడు మెల్లగా బయటికి కారి, పలక మీది రాగి బాటలను తినివేస్తుంది. క్షారానికి ఆమ్లం విరుగుడు అని తొమ్మిదో తరగతి విద్యార్థికి తెలుసు. అనుభవజ్ఞులు కొద్దిగా వెనిగరుతో తుడిచి, తరువాత శుభ్రమైన నీటితో కడిగి, బాగా ఆరబెడతారు.

అన్నిటికంటె సూక్ష్మమైనది ఈప్రామ్ అనే చిప్పు సంగతి. నడినెత్తిన చిన్న గాజుకిటికీ ఉండే ఈ చిప్పులో, సిలికాన్ డైఆక్సైడు పొరల మధ్య చిక్కుకొన్న ఎలక్ట్రానుల రూపంలో ఆదేశాలు నిలువ ఉంటాయి. ఎలక్ట్రాను ఆ పొరను దాటి పోవాలంటే మూడు ఎలక్ట్రాన్ వోల్టులకు కొంచెం మించిన శక్తి కావాలి. చిప్పును చెరిపే దీపపు కాంతి తరంగదైర్ఘ్యం 253.7 నానోమీటర్లు. 1240ని ఆ సంఖ్యతో భాగిస్తే కాంతికణపు శక్తి దాదాపు 4.9 ఎలక్ట్రాన్ వోల్టులని వస్తుంది. చాలినంత కంటె ఎక్కువే. 400 నానోమీటర్లతో భాగించి చూడండి, 3.1 వస్తుంది. అంటే ట్యూబులైటు కాంతిలోనూ, ఎండలోనూ ఈ పని చేయగల భాగం కొంత ఉన్నదన్నమాట. కిటికీకి కాగితం అంటించకుండా వదిలితే నేరుగా పడే ఎండలో వారం రోజులలో, ట్యూబులైటు క్రింద మూడేండ్లలో చిప్పు చెరిగిపోగలదని తయారీదారులే ముద్రించిన పత్రాలు హెచ్చరించేవి. కనుక ఆ కిటికీ మీది కాగితపు ముక్కను మురికి అనుకొని పీకివేసేవాడు, తనకు తెలియకుండానే ఒక గ్రంథంలోని అక్షరాలను తుడవడం మొదలుపెట్టినవాడు అవుతాడు. వెలుతురు పడకపోయినా ఆ విద్యుదావేశం దశాబ్దాలమీద కొద్దికొద్దిగా కారిపోతూనే ఉంటుంది.

ఇక విమర్శకు వస్తాను. ఈ అభిరుచిలో ఎక్కువ మెప్పు దేనికి దొరుకుతున్నదంటే, పెట్టె తెల్లదనానికి. కాలక్రమాన పసుపుబారిన ప్లాస్టిక్ పెట్టెకు హైడ్రోజన్ పెరాక్సైడు పూసి, అతినీలలోహిత కాంతిలో ఉంచి తెల్లబరచే పద్ధతి 2008 ప్రాంతంలో ప్రచారంలోకి వచ్చినది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కాని కొన్నాళ్ళకు పసుపు మళ్ళీ వస్తున్నదని చాలామంది అనుభవం. సరిగా చేయకపోతే పెట్టె మీద చారలు పడతాయి. పెళ్ళికి సున్నం వేసిన ఇంటివలె మెరిసే పెట్టె లోపల, పగిలిన రెజిన్ కెపాసిటరు అట్లాగే కూర్చుని ఉండటం ఎరుగని సంగతి కాదు.

ఇంతకంటె లోతైన దోషం మరొకటి ఉన్నది. కెపాసిటర్లన్నీ ఒక్కపెట్టున పీకి కొత్తవి వేయడం, అనుమానమున్న చిప్పులన్నీ మార్చివేయడం కొందరికి ఒక ఆచారంగా మారింది. ఏది చెడినదో, ఎందుకు చెడినదో కొలిచి చూచే పని ఎగిరిపోయినది. యంత్రం పనిచేస్తే చాలదా అని అడగవచ్చు. చాలదని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను.

1982లో వచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రం అనే చౌక కంప్యూటరును తరువాత మనదేశంలో పూణేకు చెందిన డెసిబెల్స్ సంస్థ డీబీ స్పెక్ట్రం అనే పేరుతో అమ్మినది. సింక్లెయిర్ యంత్రంలో 48 కిలోబైట్లు ఉన్న రకాన్ని విప్పితే, జ్ఞాపకశక్తిలో పై 32 కిలోబైట్లకు వాడిన చిప్పులు 32 కిలోబిట్లవి. అటువంటి పరిమాణం గల చిప్పును ఎవరూ పనిగట్టుకొని తయారుచేయలేదు. అవి 64 కిలోబిట్ల చిప్పులే. తయారీలో సగం భాగం చెడిపోగా, బాగున్న సగాన్ని తక్కువ ధరకు కొన్నారు. ఏ సగం బాగున్నదో దానికి అనుగుణంగా పలక మీద ఒక చిన్న తీగను అతికారు. సామాన్యుడికి అందే ధరలో కంప్యూటరు ఎట్లా వచ్చినదనే ప్రశ్నకు ఆ తీగ ముక్క ఒక సాక్ష్యం. ఇప్పుడు ఒక చిప్పు చెడినదని ఎనిమిదింటినీ పీకి, పూర్తిగా బాగున్న 64 కిలోబిట్ల చిప్పులను పెట్టి, తీగను సర్దితే యంత్రం చక్కగా పనిచేస్తుంది. సాక్ష్యం మాత్రం చెత్తబుట్టలో పడుతుంది. మార్చవద్దని నేను అనడం లేదు. చెడినది ఒకటే అయితే ఒకటే మార్చవలెను. తీసినదానిని చిన్న సంచిలో వేసి తేదీ వ్రాసి యంత్రంతోపాటే ఉంచవలెను. మార్చకముందు ఒక ఫోటో, మార్చిన తరువాత ఒక ఫోటో తీయవలెను. దీనికి అయ్యే ఖర్చు ఒక నోటుపుస్తకం.

విడిభాగాల వేట మరొక పెద్ద కథ. సామాన్యమైన లాజిక్ చిప్పులు, కెపాసిటర్లు, సాకెట్లు కావాలంటే కోఠీలోని గుజరాతీ గల్లీ ఉన్నది. ఎర్రగడ్డలో ఆదివారం జరిగే సంతలో తుక్కు క్రింద వచ్చిన పలకలు దొరకవచ్చు. దొరకకనూపోవచ్చు, అదే ఆ సంత రుచి. బి.బి.సి. మైక్రోలోని 6502 వంశపు చిప్పు అమెరికాలో ఇప్పటికీ తయారవుతున్నది. స్పెక్ట్రంలోని జెడ్-80, 1976లో పుట్టి, 2024లో దాని ప్రధాన రకం తయారీ ఆగిపోయే వరకు నలభై ఎనిమిదేండ్లు నిలిచినది. కష్టమంతా, ఒక్క యంత్రం కోసమే ప్రత్యేకంగా చేయించిన చిప్పులతో. కమోడోర్ 64 కంప్యూటరులో సంగీతం పలికించే సిడ్ అనే చిప్పు అటువంటిది. ఆ సంస్థ 1994లోనే మూతబడినది. అవసరం ఉన్నచోట మోసం ఉంటుంది గదా! వేరే చిప్పు వీపు మీది అక్షరాలను అరగదీసి, సిడ్ సంఖ్యను ముద్రించి అమ్మేవారున్నారు. అసిటోనులో ముంచిన దూదితో రుద్దితే కొత్త ముద్ర చాలాసార్లు బయటపడుతుంది.

వేటలో నాకు నచ్చనిది ఇంకొకటి. ఒక యంత్రాన్ని బ్రతికించడానికి మరొకదానిని చంపడం. మన కళాశాలలలో 8085 ప్రాసెసరు నేర్పిన శిక్షణ పెట్టెలు ఈ మధ్య వరుసగా మూలబడుతున్నవి. అందులోని ఈప్రామ్‌ల కోసం, సాకెట్ల కోసం వాటిని విప్పివేయడం సులభం. విదేశీ ఆటల కంప్యూటరు ఒకటి బాగుపడుతుంది. మన ఇంజనీర్లు ఒక తరమంతా వ్రేళ్ళతో అంకెలు నొక్కి నేర్చుకొన్న పెట్టె పోతుంది. ఆ పెట్టెకు సంతలో విలువ లేదు గనుక దానికి చరిత్ర కూడా లేదనుకోవడం పొరపాటు.

అసలు యంత్రం ఎందుకు, దాని నడకను అనుకరించే ప్రోగ్రాము చాలు గదా అనే వాదం ఒకటి ఉన్నది. దీనిని నేను తేలికగా త్రోసిపుచ్చను. విద్యార్థికి పాత బేసిక్ భాష రుచి చూపడానికి ఎమ్యులేటరు మేలు. పొగ రాదు, షాక్ కొట్టదు. నమూనాకు కూడా గౌరవమున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలపు కొలోసస్ యంత్రాన్ని, అసలువి దాదాపుగా మిగలనందున, ఇంగ్లండులో టోనీ సేల్ బృందం ఫోటోలు, పాత ఇంజనీర్ల జ్ఞాపకాలు ఆధారంగా 1993లో మొదలుపెట్టి 2007 నాటికి తిరిగి నిర్మించినది. అదేచోట 2012లో, 1951 నాటి హార్వెల్ డెకట్రాన్ యంత్రాన్ని దాని సొంత నాళికలతో, సొంత రిలేలతోనే మళ్ళీ నడిపించారు. రెండూ గొప్ప పనులే. కాని మొదటిది పునర్నిర్మాణమని, రెండవది పునరుద్ధరణ అని వారు స్పష్టంగా చెప్పుకొన్నారు. పాత పెట్టెలో కొత్త పలక పెట్టి, ‘అసలు యంత్రం’ అని చూపేవారికి ఈ నిజాయితీ కావాలి.

అవసరం కొద్దీ పాత యంత్రాలను బ్రతికించే విద్య మనకు కొత్త కాదు. 1978లో ఐ.బి.ఎం. సంస్థ మనదేశం విడిచి వెళ్ళినప్పుడు, అది వదలిన కంప్యూటర్ల మరమ్మతు బాధ్యత ప్రభుత్వరంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడినది. తయారీదారు లేడు, అయినా యంత్రం ఆగరాదు. ఈనాటి అభిరుచిగలవారి కష్టం సరిగ్గా అదే. ఆ సంస్థ 2015లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌లో కలిసిపోయినది. ఇక కంప్యూటరును తయారుచేసిన ఘనత కూడా మన నగరానికి ఉన్నది. అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యంలో 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, ట్రాంబేలో రూపొందిన పన్నెండు బిట్ల టీడీసీ-12 కంప్యూటరును 1969లో అందించినది. తరువాత 1974లో టీడీసీ-312, 1975లో టీడీసీ-316 వచ్చినవి. అమీర్‌పేటలో కంప్యూటరు నేర్చుకొంటున్న విద్యార్థులలో ఎందరు ఈ పేర్లు విన్నారో ఒకసారి అడిగి చూడండి. నేను నా తరగతిలో అడిగాను. అరవైమందిలో ఒక్క చెయ్యీ లేవలేదు. అమెరికాలో ఏ గరాజిలో ఏ సంస్థ పుట్టినదో మాత్రం అందరికీ కంఠస్థం. తప్పు వారిది కాదు. చూపించనిదానిని ఎవరు గుర్తుంచుకొంటారు? ఇంగ్లండు యంత్రాన్ని తెల్లబరచడానికి వెచ్చించే శ్రద్ధలో పదోవంతు మన టీడీసీ పత్రాల మీద, వలయ చిత్రాల మీద, వాటితో పనిచేసిన వృద్ధుల మాటలను వ్రాసుకొనడం మీద పెడితే ఎంత బాగుండును! యంత్రం దొరకకపోయినా చిత్రం దొరకవచ్చు. ఆ మనుషులకు మాత్రం వయస్సు మీదపడుతున్నది.

ఉపాధ్యాయులతో ఒక మాట. 1984లో భారత ప్రభుత్వం పాఠశాలలలో కంప్యూటరు పరిచయం కోసం క్లాస్ పథకాన్ని మొదలుపెట్టి, తొలి విడతలో దేశమంతటా సుమారు 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రోలు ఇచ్చినది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ వీటినే యూనికార్న్ అనే పేరుతో ఇక్కడ తయారుచేసినది. మీ పాఠశాల సామానుగదిలో గుడ్లగూబ బొమ్మ గల పెట్టె ఒకటి దుమ్ము క్రింద ఉన్నదేమో చూడండి. బి.బి.సి. మైక్రో గుర్తు అదే. దొరికితే తుక్కువానికి వేయవద్దు. ఆత్రపడి ప్లగ్గు పెట్టవద్దు. పక్కనున్న పాత మానిటరు మూత అసలే తీయవద్దు, అందులో వేల వోల్టులు కరెంటు తీసిన తరువాత కూడా నిలిచి ఉండగలవు. ముందు పెట్టెను అన్నివైపులా ఫోటో తీయండి. వెనుక ముద్రించిన క్రమసంఖ్యను, పాఠశాల రిజిస్టరులో చేరిన తేదీని, ఆ రోజులలో దానిని వాడిన ఉపాధ్యాయుల పేర్లను ఒక కాగితం మీద వ్రాసి పెట్టెతోనే ఉంచండి. టేపులు, డిస్కులు ఉంటే అయస్కాంతాలకు, స్పీకర్లకు దూరంగా పొడి చోట పెట్టండి. కరెంటు సంగతి, ఆ రెజిన్ కెపాసిటరును మార్చగల నేర్పరి వచ్చిన తరువాత చూచుకొనవచ్చు. మార్చిన కెపాసిటరును అతని చేత అడిగి తీసుకొని, మీ సంచిలో వేయించుకొనండి.