మాయాబజార్ వర్ణపరిష్కరణము

పినాకినీతీరమున నున్న తాడిపత్రి పట్టణమందు బుగ్గ రామలింగేశ్వరాలయ గోపురములు రెండు పై అంతస్తులు లేకయే నిలిచియున్నవి. శిలాభాగమంతయు సూక్ష్మశిల్పముతో నిండియున్నది. శిఖరము మాత్రము లేదు. నేఁడెవరైన ఇటుకతోను సున్నముతోను శిఖరములు కట్టి, రంగులు పూసి, విజయనగరశిల్పుల సంకల్పమిదియేయని ప్రకటించినచో పండితులు సమ్మతింపరు. ఆ తాడిపత్రియందే 1912లో జన్మించిన కదిరి వెంకటరెడ్డిగారి “మాయాబజార్” చలనచిత్రమునకు ఇట్టి కార్యమే జరిగినది. అందులకు సమ్మతించినవారే పెక్కురు.

1957 మార్చి 27వ తేదీన నలుపు తెలుపులలో వెలువడిన ఈ చిత్రమును హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు కంప్యూటరుల సాహాయ్యమున వర్ణచిత్రముగా మార్చి 2010 జనవరి 30న ప్రదర్శనకు విడిచిరి. మోనో ధ్వని డి.టి.ఎస్. ధ్వనియైనది, తెర సినిమాస్కోపు వెడల్పు పొందినది. ధ్వనివిషయమున వారి శ్రమ శ్లాఘ్యము. పింగళి నాగేంద్రరావుగారి సంభాషణములలోని చమత్కారము, అరిగిన ప్రతులలో వినఁబడక పోయినది, మరల చెవికి అందుచున్నది.

కథను నవీకరించుటయే దోషమని వాదించుటకు వీలులేదు. శశిరేఖాపరిణయము వ్యాసభారతమున లేదు. అందు అభిమన్యుని భార్య ఉత్తర. ఇది జనుల నోటను, నాటకరంగమునను పెరిగిన కథ. సురభి నాటకసమాజములవారు దీనిని తరతరములుగా ఆడుచున్నారు. 1936లోనే ఇది చలనచిత్రముగాను వచ్చినది. ఏ తరమువారి ఘటోత్కచుఁడు ఆ తరమువారిదే. అయినను క్రొత్త ప్రబంధమును రచించుట వేఱు, పూర్వకవి ప్రబంధమును పరిష్కరించుట వేఱు. 2010లో జరిగినది రెండవది. కావున పరిష్కర్తకుండవలసిన ధర్మములచేతనే దానిని పరీక్షింపవలెను.

ఎఱుపును ఆకుపచ్చయు నలుపు తెలుపు చిత్రమున ఒకే బూడిదచాయగా కనఁబడవచ్చును. ఆ చాయనుబట్టి మూలవర్ణము ఇదియని నిర్ణయించుట సాధ్యము కాదు. అందుచే ఈ చిత్రమందలి చీరల రంగులలో, స్తంభముల రంగులలో పెక్కింటిని ఊహాపాఠములుగానే ఎంచవలెను. తాళపత్రమున చెదలు తినినచోట అక్షరమును పూరించిన పండితుఁడు దానిని కుండలీకరణములలో నుంచును. ఇచట కుండలీకరణములు లేవు. నీలమేఘశ్యాముని మేనిచాయ పూర్వచిత్రమున ప్రేక్షకుని భావనకు విడువఁబడియుండెను. వర్ణచిత్రమున ఏదో యొక చాయను నిర్ణయింపక తప్పదు.

వెన్నెలలో పడవపై సాగు పాటయందు నష్టము మఱింత స్పష్టము. ఛాయాగ్రాహకుఁడు మార్కస్ బార్ట్లీ అచట వెన్నెలను వెలుఁగునీడలతోనే కల్పించెను. చంద్రకాంతిలో మనుష్యనేత్రము రంగులను చక్కఁగా గుర్తింపనేరదు. కాఁబట్టి ఆ నలుపు తెలుపులు సాధనలోపమువలన వచ్చినవైనను వెన్నెలకు సత్యములు. రంగు వేసినకొలఁది వెన్నెల తగ్గినది. (వానకై యెదురుచూచు అనంతపురపు పీఠభూమియందు, ఏటిలో నీటికంటె ఇసుకయే యెక్కువగా కనఁబడు ఊరిలో పుట్టినవాని చిత్రమున నీరును విందును ఇంత సమృద్ధిగా నుండుట గమనింపఁదగినది. దీనికి కార్యకారణసంబంధము కట్టుట సాహసమగును.)

రెడ్డిగారు చిత్రీకరణమునకు ముందే ప్రతి దృశ్యమునకును నిడివి నిర్ణయించుకొనువారని ప్రసిద్ధి. అట్టివారి కృతిలో కొన్ని భాగములు తీసివేయఁబడి నిడివి తగ్గినది. వెడల్పు తెరకు సరిపెట్టుటలో బొమ్మ పైనను క్రిందను కొంత పోవుటయు సహజము. భక్ష్యములు తమంత తామే ఎగిరివచ్చి ఎస్. వి. రంగారావుగారి నోటఁ బడు విందు దృశ్యమున గదాధరుని ఆకృతికిని ఆ పళ్లెరములకును గల కొలతయే హాస్యమునకు ప్రాణము. అంచు కోసినచో ఆ కొలత చెడును.

పాశ్చాత్యదేశములయందును ఇట్టి పని జరుగుచున్నది. ఆడువాఁడే వీరుఁడై కల్పితరాజ్యమున సంచరించు “ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఒబ్లివియన్” అను 2006 నాటి వీడియో ఆట 2025 ఏప్రిలులో పరిష్కృతరూపమున వచ్చినది. పైరూపము నూతనసాధనముచే చిత్రింపఁబడినను ఆటను నడపు పూర్వపు యంత్రాంగమును లోపల నిలిపిరి. ఒక పాత్ర నోట నటి తడఁబాటు పొరపాటున చేరియుండఁగా దానినిగూడ తుడిచివేయలేదు. లేఖకదోషమును సైతము కాపాడిన ఈ శ్రద్ధ ఆటబొమ్మకు లభించి మాయాబజార్‌కు లభింపకపోవుట విచారకరము.

మాయాబజార్ తెలుగుననే గాక తమిళమునను తీయఁబడినది. రెంటను ఘటోత్కచుఁడు రంగారావుగారే. అనఁగా పరిష్కర్తకు సమకాలికమైన రెండవ సాక్ష్యము గలదు. ఈ రెండు నలుపు తెలుపు ప్రతులను వర్ణప్రతితో దృశ్యదృశ్యమునకు పోల్చి, తీసివేసిన భాగములకును కోసిన అంచులకును పాఠభేదసూచిక నొకదానిని సిద్ధపఱచుట ఇంకను సాధ్యమే. అది వెలువడువఱకు వర్ణప్రతిని ఉల్లేఖించు విమర్శకులు 2010 ప్రతియని పేర్కొనుట యుక్తము.