రాముడైన రామరాజు, వానరులైన మన్యం జనం

భద్రాచలం దాటి ఎటపాక వైపు నాలుగడుగులేస్తే రాష్ట్రం మారిపోతుంది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రలో కలిపిన ఊళ్లవి. ఎటపాక, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలను 2022లో కొత్తగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చారు. అదే ఏడాది జూలై 4న భీమవరంలో 30 అడుగుల అల్లూరి విగ్రహం లేచింది. ఆయన తెగువను నేను తక్కువ చెయ్యడం లేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడి తుపాకులు ఎత్తుకుపోయిన మనిషి, 1924 మే 7న కొయ్యూరులో ప్రాణమిచ్చిన మనిషి. నా పేచీ ఆయనతో కాదు, ఆయనకు గీసిన బొమ్మతో.

ఆ బొమ్మ ఎట్లుంటది? కాషాయం, గడ్డం, విల్లు. 1974లో వచ్చిన కృష్ణ సినిమా ఆ రూపాన్ని ఊరూరికీ చేర్చింది. తుపాకుల కోసం స్టేషన్ల మీద పడ్డ మనిషికి బొమ్మలో విల్లే మిగిలింది. 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’లో ఆయన సాక్షాత్తు రాముడే అయ్యాడు. మైదానం నుంచి వచ్చిన క్షత్రియుడు రాముడైతే, ఆయన వెంట నడిచిన మన్యం జనం ఏమవుతారు? వానరులే కదా! వానరులకు సొంత కారణాలుండవు.

కానీ మన్యానికి కారణాలున్నాయి. అడవి చట్టాలు పోడును ఆపినయి. ముఠాదారుల హక్కులు పోయినయి. రోడ్లు వేయించుకొని కూలి ఎగ్గొట్టారు. ఈ కోపం ఎవరో వచ్చి నేర్పింది కాదు. 1879లోనే రంప పితూరీ భద్రాచలం తాలూకా రేకపల్లి దాకా పాకింది. అక్కడ దాన్ని నడిపినవాడు అమ్మల్ రెడ్డి. అప్పటికి అల్లూరి పుట్టనే లేదు, ఆయన పుట్టింది 1897లో.

‘ఆర్ఆర్ఆర్’ చివర కొమురం భీం తన జనానికి చదువు కావాలని రాజును అడుగుతాడు. ఈ ఇద్దరి స్నేహం కల్పితమే, ఒప్పుకుందాం. మరి కల్పనలో కూడా అడిగేవాడు ఆదివాసే ఎందుకయ్యాడు? జల్, జంగల్, జమీన్ అనే మాట మనకు భీం పేరుతోనే తెలుసు. తెర మీద దాన్ని రాసిచ్చేది రాజు! మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ని నేను. మా అమ్మ మిరపకాయలు ఏరిన కూలి డబ్బులే నాకు అక్షరాలైనయి. ఏ రాముడూ దానమియ్యలేదు. అందుకే ఆ దృశ్యం దగ్గర హాలంతా చప్పట్లు కొడుతుంటే నాకు చేతులు ఆడలేదు.

అల్లూరిని పీఠం మీంచి దించమని కాదు నేననేది. ఆయన పక్కన గాం గంటం దొరను, గాం మల్లు దొరను నిలబెట్టమంటున్నా. మల్లు దొర 1952లో లోక్‌సభకు ఎన్నికైన మనిషి. పితూరీ చేసినోడు పార్లమెంటులో కూర్చున్న కథ కన్నా పెద్ద సినిమా ఏముంటది? రేకపల్లి పిల్లలకు అమ్మల్ రెడ్డి ఎవరో తెలిసిన నాడు, వాళ్లు ఏ రాముడి కోసమూ ఎదురుచూడరు.