సింధుదుర్గ్: ఫొటోలో పడని గుడి

మహారాష్ట్ర కొంకణ్ తీరంలోని సింధుదుర్గ్ జిల్లా మీద వచ్చే యాత్రా వ్యాసాలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. తార్కర్లీ ఇసుక, మాల్వణ్‌లో పడవెక్కి శివాజీ 1664లో మొదలుపెట్టించిన కోట, కుణకేశ్వర్ దర్శనం, చివర్లో చేపల పులుసు. తప్పేం లేదు, నేనూ అలాగే తిరిగొచ్చాను. కానీ ఆ కోట గోడల లోపల ఇప్పటికీ కొన్ని కుటుంబాలు కాపురముంటున్నాయన్న సంగతిని ఈ వ్యాసాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి.

అక్కడి వెంగుర్లా ప్రాంతపు మరాఠీ రచయిత ఖానోల్కర్ నవల ‘కొండూరా’ గుర్తొచ్చాక ఈ లోటు తెలిసింది. శ్యాం బెనెగల్ 1978లో దాన్నే తెలుగులో ‘అనుగ్రహం’గా తీశారు. అందులో గుడి బాగుచేయమన్న దేవత ఉంది, అందుకు అండగా నిలిచే భూస్వామి ఉన్నాడు, తనకు వరం దక్కిందని నమ్మిన మగవాడున్నాడు. ఆ నమ్మకం కింద నలిగిపోయింది మాత్రం ఆడవాళ్లే.

గుడి ఎన్నేళ్లదో చెప్పే వ్యాసం, అది ఎవరి డబ్బుతో లేచింది, ఎవరి బతుకుల మీద నిలబడింది అని అడగదు. సముద్రాన్ని వర్ణించడం తేలికే. ఒడ్డున బతికేవాళ్ల భయాన్ని రాయడమే కష్టం. సింధుదుర్గ్ వెళ్లేవాళ్లు తప్పకుండా వెళ్లండి. బ్యాగు సర్దే ముందు ఒకసారి ‘అనుగ్రహం’ చూడండి.