నాన్న మిలిటరీలో చేసిన రోజులు

సంక్రాంతికి ముక్త్యాల నుంచి నందిగామ దాకా ఏ ఊళ్ళో చూసినా ఇళ్ళు నిండుతాయి. ఆ ఇంట్లో మిలిటరీలో చేసి వచ్చిన పెద్దాయన ఉంటే, భోజనాలయ్యాక మనవలు అడిగేది ఒకటే: "తాతయ్యా, యుద్ధం చెప్పు." ఆయన ఏటా చెప్పే కథే మళ్ళీ చెబుతారు. నా అభ్యంతరం ఆ కథ మీద కాదు, ఆ ప్రశ్న మీద. 1971 యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ముగిసింది. అందులో ఉన్న జవాను కొలువు మాత్రం చాలాసార్లు 15 ఏళ్ళో, అంతకు మించో. ఆ 13 రోజుల మీద పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి. మిగతా ఏళ్ళలో రాని హిందీ ఎలా పట్టుబడిందో, అన్నానికి అలవాటైన కడుపు రొట్టెకు ఎన్నాళ్ళకు ఒప్పుకుందో, లీవు దొరకక చెల్లెలి పెళ్ళికి రాలేకపోయిన రోజు ఎలా గడిచిందో ఆయన నోట తప్ప ఇంకెక్కడా దొరకవు. పండక్కి అడగాల్సింది అదీ.

ఏది మిగులుతుందో, ఏది పోతుందో తెలుసుకోవడానికి మన ప్రాంతమే చాలు. కృష్ణకు ఆవల పల్నాడులో, కారంపూడి వీర్ల గుడిలో ఏటా కార్తీకంలో పల్నాటి యుద్ధ వీరులను కొలుస్తారు. వందల ఏళ్ళు గడిచినా వాళ్ళ పేర్లు చెదరలేదు. ఆ దండులో నడిచిన మామూలు బంటు ఇంటికి ఏమని కబురు పంపాడో చెప్పేవాళ్ళు లేరు. అంత వెనక్కి పోనక్కర్లేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగినప్పుడు బెజవాడ వైపు నుంచి కదిలిన సైన్యానికి మేజర్ జనరల్ రుద్ర నాయకుడు. 13న మొదలైంది, 18కల్లా నిజాం సేన లొంగిపోయింది. ఈ వివరాలు చరిత్ర పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. సరిహద్దు దాటబోయే ముందు రాత్రి లారీలో కూర్చున్న కుర్ర జవాను ఏం తిన్నాడో, ఎవరిని తలుచుకున్నాడో మాత్రం వాటిలో లేదు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలాంటి ఊరయితే ఇంటింటికీ సైనికులుంటారు, రచ్చబండ మీద ఒకరి జ్ఞాపకాన్ని ఇంకొకరు లేపుతారు. ఆ ఆసరా లేని ఊళ్ళలో ఇల్లొక్కటే ఆధారం.

ముసలివాళ్ళ జ్ఞాపకాన్ని నమ్మలేం, ప్రతిసారీ కొంత మారుతుంది అంటారు. నిజమే. తిరిగి చెప్పే కొద్దీ కథ చెప్పేవాడి అలవాట్ల అచ్చులోకి ఒదుగుతుందని మనస్తత్వ పరిశోధకుడు బార్ట్‌లెట్ 1932లోనే ప్రయోగాలతో చూపించాడు. కానీ ఈ మాట, అందరం చుట్టూ చేరి వినే ఆ యుద్ధ కథకే ఎక్కువ తగులుతుంది. ఎక్కువసార్లు చెప్పిందీ, శ్రోతల ముఖాలు చూసి మెరుగు పెట్టిందీ అదే కదా. రొట్టె సంగతి ఎవరూ అడగలేదు కనుక దానికి ఆ మెరుగు పడలేదు. ఇంకొకటి కూడా ఉంది. నలుగురు కలిసి కూర్చుని గుర్తు చేసుకునేది, ఆ నలుగురూ విడివిడిగా గుర్తు చేసుకున్నవన్నీ కలిపిన దానికంటే తక్కువని మనస్తత్వ పరిశోధకులు 1990ల నుంచీ గమనిస్తున్నారు. ఒకరి మాట ఇంకొకరి ఆలోచనను తెంపుతుంది. ఏళ్ళ తరబడి కలిసి బతికిన దంపతుల్లో మాత్రం కొన్ని జంటలు ఒకరికొకరు అందించుకుంటూ ఎక్కువే గుర్తు చేసుకున్నాయని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అందుకే పండగ జనం సర్దుకున్నాక, నాన్న పక్కన అమ్మను కూర్చోబెట్టి అడగాలని నా మాట. ఉత్తరం మీద '56 ఏ.పి.ఓ.' అని సైనిక తపాలా చిరునామా రాసి పోస్టు చేసిన భార్యకు, ఆ అంకె వెనక ఉన్నది మంచుకొండో ఎడారో తెలిసేది కాదు. ఆయన కొలువులో ఆమె వంతు కూడా ఉంది. మనియార్డరు ఏ నెల ఆగిందో ఆమెకే గుర్తుంటుంది.

ఇంత చిన్న సంగతులు ఎవరికి కావాలని అడిగేవారికి జగ్గయ్యపేట స్తూపమే జవాబు. ఇక్ష్వాకుల కాలంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ ఆయక స్తంభాలు నిలిపి, తన తండ్రి, తల్లి, భార్య, పిల్లలు, సోదరుడి పేర్లు రాయి మీద చెక్కించాడు. అతను రాజూ కాదు, వీరుడూ కాదు. అయినా 3వ శతాబ్దపు కృష్ణా తీరంలో ఒక పనివాడి కుటుంబం ఎలా ఉండేదో ఈ రోజు మనం చెప్పగలుగుతున్నది అతను అనవసరమనుకోకుండా రాయించిన ఆ పేర్ల వల్లే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం, ఆయనకు చెప్పడం ఇష్టం లేదేమో అన్నది. దీన్ని నేను తోసిపుచ్చలేను. పక్కవాడు పడిపోవడం చూసిన మనిషి మౌనాన్ని పండగ సరదా కోసం తవ్వే హక్కు కన్న బిడ్డలకైనా లేదు. యుద్ధం అడగొద్దనడానికి నాకు ఇదే పెద్ద కారణం. పెట్టెలో ఉన్న పతకాలు తీసి ముందు పెడితే చాలు. పూర్వీ స్టార్ ఉంటే 1971లో తూర్పున ఉన్నారని, సైన్య సేవా పతకం పట్టీ మీద 'హిమాలయ' అని ఉంటే చలికొండల్లో చేశారని తెలుస్తుంది. అక్కడ చలికి ఏం కప్పుకున్నారు, నీళ్ళు ఎలా కాచుకున్నారు అని మొదలుపెట్టవచ్చు. ఆయన ఆగిన చోట మనమూ ఆగాలి. సంవత్సరం తప్పు చెబితే మాటకు అడ్డం పడి దిద్దకూడదు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, డిశ్చార్జి బుక్కులో ఉన్న తేదీని పక్కన వేరే సిరాతో రాసిపెట్టుకోవచ్చు.